ద్వితీయ విఘ్నం దాటించింది శ్రోతలే!

మొదటి సినిమాతో సూపర్‌హిట్ కొట్టిన దర్శకుణ్ని ఎవర్నైనా కదిపి చూడండి. రెండో సినిమా మాట ఎత్తగానే మొహంలో రంగు మారుతుంది. దానికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టేశారు... ద్వితీయ విఘ్నం! కొబ్బరికాయలు కొట్టినా, ముహూర్తాలు మార్చినా ఆ గండం మాత్రం అలాగే ఉంటుంది.

ఇంగ్లండ్‌లో గిటార్ పట్టుకుని పాటలు పాడే బ్యాండ్లకూ అచ్చంగా ఇదే భయం. అక్కడ గండం పేరు రెండో ఆల్బమ్. కారణం తెలుసుకుంటే ఇందులో జాతకాల ప్రమేయమేమీ లేదని అర్థమవుతుంది. మొదటి ఆల్బమ్‌లోని పాటలు రాయడానికి ఆ కుర్రాళ్లకు అప్పటిదాకా బతికిన బతుకంతా టైముంటుంది. అద్దె గదులు, ఉద్యోగం లేని రోజులు, ప్రేమలు, గొడవలు అన్నీ అందులో పడతాయి. రెండోదానికి మహా అయితే ఏడాది. ఆ ఏడాదీ బస్సుల్లో, హోటళ్లలో, ఇంటర్వ్యూల్లో గడిచిపోతుంది. ఇంక రాయడానికి ఏముంటుంది... హోటల్ గది గురించి తప్ప?

మాంచెస్టర్ బ్యాండ్ 'ఒయాసిస్' కథ మాత్రం ఈ లెక్కకు అందదు. వాళ్ల రెండో ఆల్బమ్ '(వాట్స్ ద స్టోరీ) మార్నింగ్ గ్లోరీ?' 1995 అక్టోబర్ 2న విడుదలైంది. చదువుకున్న విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారు. మామూలు శ్రోతలు మాత్రం షాపుల మీద పడ్డారు. మొదటి వారంలోనే ఒక్క బ్రిటన్‌లో 3,40,000 కాపీలకు పైగా అమ్ముడుపోయాయి. అప్పటికి అంతకంటే వేగంగా అమ్ముడైంది మైకేల్ జాక్సన్ 'బ్యాడ్' ఒక్కటే! ఈ ఆల్బమ్ గురించి వినేవాళ్లు ముప్పై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనల కథే ఇది.

అన్నదమ్ముల సవాల్

ముందు మనుషుల్ని పరిచయం చేసుకుందాం. అన్న నోయెల్ గల్లాఘర్ పాటలు రాస్తాడు, గిటార్ వాయిస్తాడు. తమ్ముడు లియామ్ పాడతాడు. ఇద్దరికీ అయిదేళ్ల తేడా. మాంచెస్టర్ శివారు బర్నేజ్‌లో పెరిగారు. తల్లి పెగ్గీ ఐర్లండ్ నుంచి వలస వచ్చిన మనిషి. పిల్లల్ని ఆవిడే పెంచింది. నోయెల్ కొన్నాళ్లు 'ఇన్‌స్పైరల్ కార్పెట్స్' అనే మరో బ్యాండ్‌కి సామాన్లు మోసి, వాద్యాలు సర్దిపెట్టే పని చేశాడు. అన్నదమ్ముల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కానీ అన్న రాసింది తమ్ముడు పాడితేనే మజా. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. అసలు గొడవ కూడా అక్కడే అనుకోండి!

1994 ఆగస్టులో వచ్చిన మొదటి ఆల్బమ్ 'డెఫినెట్లీ మేబీ' అప్పటిదాకా బ్రిటన్‌లో ఏ కొత్త బ్యాండ్ తొలి ఆల్బమ్ అమ్ముడవనంత వేగంగా అమ్ముడైంది. ఆ తర్వాత పట్టుమని పద్నాలుగు నెలలు తిరక్కుండానే రెండోది. మధ్యలో డ్రమ్మర్ కూడా మారాడు. టోనీ మెకారల్ వెళ్లిపోయాడు, అలన్ వైట్ వచ్చాడు.

రికార్డింగ్ జరిగిన చోటు కూడా భయపెట్టేదే. వేల్స్ పల్లెటూళ్ల మధ్య ఉన్న రాక్‌ఫీల్డ్ స్టూడియో అది. వీళ్లు ఆరాధించే మరో మాంచెస్టర్ బ్యాండ్ 'స్టోన్ రోజెస్' తన రెండో ఆల్బమ్ కోసం నెలల తరబడి మకాం వేసింది అక్కడే. తొలి ఆల్బమ్ 1989లో వస్తే రెండోది 1994 డిసెంబర్‌కి గానీ బయటికి రాలేదు. అయిదున్నరేళ్లు! ఎదురుచూసి ఎదురుచూసి విన్నవాళ్లలో చాలామంది ఉసూరుమన్నారు. రెండేళ్లు తిరగకుండానే ఆ బ్యాండ్ కూడా చెదిరిపోయింది. అదే స్టూడియోలో ఒయాసిస్ వాళ్లు రోజుకో పాట చొప్పున లాగించేశారు. నిర్మాత ఓవెన్ మోరిస్ నోయెల్‌తో కలిసి కొన్ని వారాల్లో పని ముగించాడు. ఆలోచించుకునే టైము లేకపోవడమే వీళ్లను కాపాడిందేమో అని నాకు అనిపిస్తుంది.

'ఇందులో ఏముందని?'

విమర్శకులు ఎందుకు పెదవి విరిచారు? వాళ్ల దగ్గర మూడు ఫిర్యాదులున్నాయి. మొదటి ఆల్బమ్‌లో ఉన్న ఆకలి, పొగరు ఇందులో లేవన్నారు. పాటల్లో మాటలకు అర్థం పర్థం లేదన్నారు. ట్యూన్లు ఎక్కడో విన్నట్టున్నాయన్నారు. 'మెలోడీ మేకర్' లాంటి సంగీత వారపత్రిక కూడా అలసిపోయిన బ్యాండ్ చేసిన పనిలా మాట్లాడింది.

నిజం చెప్పుకోవాలంటే ఈ ఫిర్యాదులేవీ అబద్ధాలు కావు. 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' మొదట్లో వచ్చే పియానో వినండి. జాన్ లెనన్ 'ఇమాజిన్' గుర్తు రాకపోతే మీకు ఆ పాట తెలీదన్నమాట. నోయెల్ కూడా ఆ అప్పును దాచుకోలేదు. 'హలో' పాటకు రచయితల జాబితాలో గ్యారీ గ్లిటర్, మైక్ లియాండర్ పేర్లూ చేర్చాల్సి వచ్చింది. 'స్టెప్ అవుట్' అనే పాటయితే స్టీవీ వండర్ పాట పోలికతో చివరి నిమిషంలో ఆల్బమ్‌లోంచే ఎగిరిపోయింది. 'కాపీ ట్యూను' అనే మాట మన సినిమా పాటల చర్చల్లో ఎంత పాతదో మీకు తెలుసుగా... అక్కడా అంతే. విమర్శకుడు 'ఎక్కడిదో తెచ్చాడు' అంటాడు. విన్నవాడు 'తెస్తే తెచ్చాడు, బావుంది కదా' అంటాడు.

మరో సంగతి ఉంది. ఆ ఏడాది ఆగస్టులో ఒయాసిస్, లండన్ బ్యాండ్ 'బ్లర్' ఒకే రోజున పాటలు విడుదల చేసి పోటీ పడ్డాయి. సంక్రాంతి బరిలో ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఒకే రోజు దిగినట్టు! దేశమంతా రెండు పార్టీలయింది. టీవీ వార్తల్లో కూడా అదే. బ్లర్ పాట 'కంట్రీ హౌస్' 2,74,000 కాపీలతో గెలిచింది. ఒయాసిస్ పాట 'రోల్ విత్ ఇట్' 2,16,000 దగ్గర ఆగింది. సెప్టెంబర్‌లో బ్లర్ ఆల్బమ్ 'ద గ్రేట్ ఎస్కేప్' వస్తే పత్రికలు ఆకాశానికెత్తాయి. మూడు వారాల తర్వాత ఒయాసిస్ ఆల్బమ్ వస్తే నిట్టూర్చాయి. ఏడాది గడిచేసరికి ఏ ఇంట్లో చూసినా ఏ ఆల్బమ్ ఉందో వేరే చెప్పక్కర్లేదు. మనం సినిమాల గురించి మాట్లాడుకునే భాషలో చెప్పాలంటే... రివ్యూలు యావరేజ్, రన్ బ్లాక్‌బస్టర్. బ్రిటన్‌లో పది వారాలు నంబర్ వన్‌గా ఉంది. 1990లలో అక్కడ దీనికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ లేదు. ప్రపంచమంతా కలిపితే రెండు కోట్ల కాపీలు దాటింది.

కవర్ ఫోటో చూశారా? లండన్ సోహోలోని బెర్విక్ స్ట్రీట్, పొద్దున్నే ఖాళీగా ఉన్న రోడ్డు, ఎదురెదురుగా నడిచి దాటుకునే ఇద్దరు మనుషులు. అది పాటల రికార్డుల షాపులకు పేరుమోసిన వీధి. ఆల్బమ్ కొనుక్కోవడానికి వెళ్లే దారినే అట్ట మీద అచ్చేశారన్నమాట!

రెండు వేళ్లు కదపక్కర్లేదు

ఈ ఆల్బమ్ గురించి ఏ ఇద్దరు శ్రోతలు మాట్లాడుకున్నా వాదన 'వండర్‌వాల్' దగ్గర మొదలవుతుంది. ఒకరు 'నా జీవితంలో నేను నేర్చుకున్న మొదటి పాట' అంటారు. ఇంకొకరు 'దయచేసి ఆ పాట మాత్రం వద్దు' అంటారు. ఇద్దరూ ఒయాసిస్ అభిమానులే కావడం తమాషా.

దీనికి సంగీతంలోనే కారణం ఉంది. గిటార్ రెండో మెట్టు మీద కేపో అనే బిగింపు పెట్టుకుంటారు. ఆ తర్వాత పాటలో ఎక్కువ భాగం ఉంగరం వేలు, చిటికెన వేలు మూడో మెట్టు దగ్గర అతికించినట్టు ఉండిపోతాయి. మిగతా రెండు వేళ్లు కదిలిస్తే చాలు, స్వరాలు మారిపోతాయి. గిటార్ కొని రెండు వారాలైన కుర్రాడు కూడా పాట వాయించేయగలడు! అందుకే ప్రపంచంలో ఎక్కడ నలుగురు కుర్రాళ్లు గిటార్ చుట్టూ చేరినా ఇది వినపడుతుంది. మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లూ మినహాయింపు కాదు. పక్క గదివాళ్లకు విరక్తి పుట్టిందంటే పుట్టదూ మరి!

ఈ పాటను ఎవరు పాడాలన్నది కూడా అన్నదమ్ముల బేరమే. దీన్నీ 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్'నూ చూపించి, రెండింట్లో ఒకటి నాకు వదిలెయ్ అన్నాడు నోయెల్. లియామ్ 'వండర్‌వాల్' తీసుకున్నాడు. బ్రిటన్‌లో అది రెండో స్థానం దాటలేదు. అమెరికాలో మాత్రం టాప్ టెన్‌లోకి వెళ్లి ఎనిమిదో స్థానం దాకా ఎక్కింది. తలుపులు తెరిచింది అదే. అన్న ఉంచుకున్న పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అనేది ఇప్పటికీ తేలలేదు.

ఆ పేరు వెనక మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. 'వండర్‌వాల్' అన్న మాట 1968 నాటి ఓ బ్రిటిష్ సినిమా పేరు నుంచి వచ్చింది. దానికి సంగీతం ఇచ్చింది బీటిల్స్ జార్జ్ హారిసన్. ఆయన ఆ సంగీతంలో కొంత భాగాన్ని 1968 జనవరిలో బొంబాయి వచ్చి, హెచ్ఎంవీ స్టూడియోలో మన కళాకారులతో రికార్డు చేశాడు. సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మ అందులో వాయించారు. గల్లాఘర్ సోదరులకు బీటిల్స్ అంటే దేవుళ్లు కాబట్టి అక్కడి నుంచి ఓ పేరు ఎత్తుకొచ్చుకున్నారు.

చెవులు నొప్పి పుడుతున్నాయి బాబూ!

ఇంకో రకం శ్రోతలున్నారు. వీళ్లది మాటలతోనో ట్యూన్లతోనో పేచీ కాదు, మోతతో. ఈ ఆల్బమ్‌ను ఓవెన్ మోరిస్ కావాలనే మహా గట్టిగా తయారుచేశాడు. మామూలుగా పాటలో మెల్లగా వినపడేవి మెల్లగా, గట్టిగా వినపడేవి గట్టిగా ఉంటాయి. ఆ ఎత్తుపల్లాలను నొక్కేసి, అంతా ఒకే ఎత్తుకు లేపేస్తే ఏమవుతుంది? పబ్బులో పాటల పెట్టెలో మిగతా పాటలన్నీ నీరసంగా వినిపించి, ఇదొక్కటే గుండెల మీద గుద్దినట్టుంటుంది. ఆ తర్వాత పోటీ పెరిగి, ప్రతివాడూ వాల్యూమ్ పెంచుకుంటూ పోయాడు. మైకు సెట్టు పెట్టిన రెండు పందిళ్లు ఒకే వీధిలో ఉంటే ఏం జరుగుతుందో మనకు కొత్తగా చెప్పాలా! ఆ జాడ్యాన్ని ముదరబెట్టిన ఆల్బమ్‌లలో దీని పేరు తప్పకుండా వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏకబిగిన వింటే నాలుగో పాటకల్లా చెవులు అలిసిపోవడం నాకూ అనుభవమే.

అలాగని అన్నీ అంతే కాదు. 'కాస్ట్ నో షాడో' వినండి. 'ద వర్వ్' బ్యాండ్ గాయకుడు రిచర్డ్ యాష్‌క్రాఫ్ట్‌కి అంకితమిచ్చిన పాట. హడావుడి లేకుండా, తలొంచుకుని నడిచే మనిషిలా ఉంటుంది. నన్నడిగితే ఆల్బమ్ మొత్తంలో తక్కువ గుర్తింపు దొరికిన మంచి పాట ఇదే. పోటీలో ఓడిన 'రోల్ విత్ ఇట్' ఓడిపోవడమే న్యాయం. 'హే నౌ' మరీ సాగుతుంది. చివర్లో వచ్చే 'షాంపేన్ సూపర్‌నోవా' ఏడు నిమిషాలు దాటినా సాగినట్టు అనిపించదు. అందులో పాల్ వెల్లర్ వాయించిన గిటార్ అలలా వచ్చి వెళ్తుంది. మాటలకు అర్థమేమిటని అడక్కండి. ఎవరికీ తెలీదు.

అభిమానుల పెద్ద కోపం మరొకటి. అసలు రత్నాల్లాంటి పాటలను ఆల్బమ్‌లో పెట్టకుండా, విడి పాటల రికార్డుల వెనకవైపు పడేశారని! అన్నదమ్ములిద్దరూ చెరో భాగం పాడిన 'అక్వియెస్', నోయెల్ ఒంటరిగా పాడిన 'టాక్ టునైట్' రెండూ 'సమ్ మైట్ సే' వెనక పడ్డాయి. 'ద మాస్టర్‌ప్లాన్' అయితే 'వండర్‌వాల్' వెనక. 'హే నౌ' తీసేసి అది పెట్టుంటేనా... అని ముప్పై ఏళ్లుగా నిట్టూర్చేవాళ్లు కోకొల్లలు. చివరికి 1998లో వెనకవైపు పాటల్లో కొన్నిటిని ఏరి 'ద మాస్టర్‌ప్లాన్' పేరుతోనే వేరే ఆల్బమ్ వేశారు.

ఇక అసలు తగువు: మొదటిది గొప్పదా, రెండోది గొప్పదా? మొదటిదాన్ని ఇష్టపడేవాళ్లు 'అప్పుడు వాళ్లు మాలో ఒకళ్లు, రెండోదానికి అందరివాళ్లయిపోయారు' అంటారు. చిన్న హాళ్లలో చూసిన బ్యాండ్‌ని మైదానాల్లో వెతుక్కోవాల్సి వచ్చిందన్న బాధ అది. 1996 ఆగస్టు 10, 11 తేదీల్లో నెబ్‌వర్త్‌లో రెండు రాత్రులు కలిపి రెండున్నర లక్షల మంది వచ్చారు. టికెట్ల కోసం ప్రయత్నించినవాళ్లు పాతిక లక్షల పైమాటే. అంటే దేశ జనాభాలో దాదాపు ప్రతి పాతికమందిలో ఒకరు! నీకు మాత్రమే తెలిసిన పాట ఊరందరి నోటా వినపడితే సంతోషమా, దిగులా? ఆ రోజుల్లో విన్నవాళ్లను అడిగితే రెండూ అంటారు.

సాలీ ఎవరు?

2017 మే 22 రాత్రి. మాంచెస్టర్ అరీనాలో అమెరికన్ గాయని అరియానా గ్రాండే కచేరీ అయిపోయి పిల్లలు బయటికొస్తున్నారు. బాంబు పేలింది. 22 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పాటలు వినడానికి వచ్చిన పిల్లలు, వాళ్లను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దవాళ్లు.

మే 25న నగరంలోని సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో జనం పూలగుత్తుల మధ్య నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. నిమిషం అయిపోయింది. ఎవరూ కదల్లేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. అప్పుడు గుంపులోంచి ఒకావిడ సన్నగా 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' అందుకుంది. పక్కవాళ్లు కలిపారు. తర్వాత స్క్వేర్ అంతా కలిసింది. వాద్యం లేదు, మైకు లేదు, ఎవరూ ముందుగా అనుకున్నదీ కాదు.

కోపంతో వెనక్కి చూడకు అన్నది ఆ పాట పేరుకు అర్థం. కానీ లోపలి మాటల్లో ఓదార్పు చెప్పే సరుకు పెద్దగా లేదు. సాలీ అనే ఒకమ్మాయి వస్తుంది, ఆమె ఎవరో రాసిన నోయెల్‌కే తెలీదు. విమర్శకులు 1995లో వేలెత్తి చూపించింది దీన్నే. అర్థం లేదన్నారు. అది నిజమే అయినా, ఆ రోజు స్క్వేర్‌లో నిలబడినవాళ్లకు కావలసింది అర్థం కాదు. అందరికీ వచ్చిన పాట కావాలి, గొంతు లేనివాడు కూడా అందుకోగలిగే ట్యూన్ కావాలి. ఎవరి సాలీని వాళ్లు తలుచుకునేంత ఖాళీ అందులో ఉండాలి. అవన్నీ ఆ పాటలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాయి. 1995లో సమీక్ష రాయడానికి కూర్చున్నవాడికి అది కనపడే వీలు లేదు. నేను వాళ్లను తప్పు పట్టను.

తప్పు పట్టాల్సి వస్తే తర్వాతి ఆల్బమ్ దగ్గర పట్టాలి. ఒకసారి మోసపోయామన్న భయంతో కాబోలు, 1997 ఆగస్టులో మూడో ఆల్బమ్ 'బీ హియర్ నౌ' రాగానే పత్రికలు పొగడ్తలతో ముంచెత్తాయి. మూడు రోజుల్లోనే ఆరున్నర లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. శ్రోతలు ఇంటికి తీసుకెళ్లి విన్నారు. మళ్లీ విన్నారు. పాటలు తెగట్లేదు, గిటార్లు ఆగట్లేదు. కొన్నాళ్లకే పాత సీడీల షాపుల్లో ఆ ఆల్బమ్ గుట్టలుగా కనిపించడం మొదలైంది. ద్వితీయ విఘ్నం తప్పింది గానీ తృతీయం కాచుక్కూర్చుంది!

2009 ఆగస్టులో పారిస్‌లో కచేరీకి ముందు అన్నదమ్ములు తన్నుకున్నంత పనిచేసి విడిపోయారు. ఆర్నెల్లు తిరక్కుండా, 2010 బ్రిట్ అవార్డుల్లో గడచిన ముప్పై ఏళ్ల ఉత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌గా జనం ఓట్లేసి గెలిపించింది ఈ రెండో ఆల్బమ్‌నే. లియామ్ ఒక్కడే వేదికెక్కాడు. బ్యాండ్‌లోని పాతవాళ్లకు థ్యాంక్స్ చెప్పి, అన్న పేరు మాత్రం ఎత్తకుండా, అవార్డును జనంలోకి విసిరేసి దిగిపోయాడు. ఓటేసింది మీరే, ఉంచుకోండి అన్నట్టు!

పదహారేళ్ల తర్వాత 2025 జులై 4న కార్డిఫ్‌లో ఇద్దరూ చేతులు కలిపి స్టేజీ ఎక్కారు. అంతకుముందు ఏడాది టికెట్లు అమ్మేటప్పుడు గిరాకీని బట్టి రేట్లు పెంచేశారని జనం దుమ్మెత్తిపోశారు. తిట్టుకుంటూనే కొన్నారు. ఈ ఆల్బమ్ వచ్చేనాటికి పుట్టని పిల్లలు తల్లిదండ్రులతో కలిసి వచ్చి పాటలన్నీ పొల్లుపోకుండా పాడారు. కచేరీ మొదలైంది 'హలో'తో, ముగిసింది 'షాంపేన్ సూపర్‌నోవా'తో. ఆల్బమ్‌లో పూర్తి పాటలు పది ఉంటే ఎనిమిది పాడారు. 'హలో' అవగానే అన్నదమ్ములు 'అక్వియెస్' ఎత్తుకున్నారు. మధ్యలో 'టాక్ టునైట్' వచ్చింది. చివరి నాలుగు పాటల్లో 'ద మాస్టర్‌ప్లాన్' వచ్చింది. వెనకవైపు పడేసిన పాటలకు ఇన్నాళ్లకు పీట వేశారన్నమాట.

పాడని రెండింట్లో ఒకటి 'హే నౌ'. దాన్ని ఎవరూ అడగలేదు. రెండోది 'షీ ఈజ్ ఎలక్ట్రిక్', పిల్లల పాటలా గెంతుకుంటూ పోయే చిలిపి పాట. దాని అభిమానులు అలిగితే మాత్రం నేను వాళ్ల పక్షమే.